పదో మీట

బేకరీ మీద వాటాలో ఉండేది టీచరమ్మ. పొద్దస్తమానం కింద కాలే రొట్టెల వాసన మెట్లెక్కి వచ్చి ముందు గదిలో తిష్ట వేసుకుని కూర్చునేది. ఆ గదిలో సగం పియానోదే. మిగతా సగంలో రెండు కుర్చీలు, గొడుగులు పెట్టుకునే బుట్ట, పాఠానికి వచ్చిన పిల్లల తల్లులు, వాళ్ళ కబుర్లు. "నువ్వు ఇంట్లో పియానో పెట్టుకోలేదే, పియానోలో ఇల్లు పెట్టుకున్నావ్" అని టీచరమ్మ అక్క వచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేది.

టీచరమ్మవి చిన్న చేతులు. బొటనవేలు ఒక మీట మీద పెట్టి, చిటికెనవేలు ఎంత చాపినా ఎనిమిదో తెల్ల మీట అంచు తగిలేది, అంతే. పెద్ద చేతుల వాళ్ళు తొమ్మిది, పది మీటలు కూడా అవలీలగా అందుకుంటారు. మనుషుల జానలు నానా రకాలుగా ఉన్నా, పియానో మీటలు మాత్రం ఎక్కడ చూసినా ఒకటే వెడల్పు. చొక్కాలకైనా చిన్నా పెద్దా సైజులుంటాయి, దీనికి లేవు. సన్న మీటల పియానోలు ఎక్కడో చేస్తున్నారని ఆమె వినడమే గానీ కంటితో చూసిన పాపాన పోలేదు.

అందుకేనేమో, చిన్న చేతుల పిల్లలకి ఆమె చెప్పినట్టు ఇంకెవరూ చెప్పేవాళ్ళు కాదు. ఒకేసారి నొక్కాల్సిన స్వరాల్ని ఆమె 'గుత్తి' అనేది. గుత్తి అందకపోతే ఒక్కో స్వరం జారుగా, కింది నుంచి పైకి దొర్లించి వాయించమనేది. అదీ కుదరకపోతే ఒక స్వరం వదిలెయ్యమనేది, లేదా రెండో చేతికి అప్పగించమనేది. వేళ్ళు చాపితే చాపారు, మీట నొక్కగానే వదులు చెయ్యాలి. మణికట్టు బిగిస్తే ఊరుకునేది కాదు.

"నొప్పి పుట్టిందంటే చెయ్యి నిన్ను బతిమాలుతోందన్నమాట" అని చెప్పేది పిల్లలకి. "ఒకసారి బతిమాలుతుంది, రెండుసార్లు బతిమాలుతుంది. ఆ తర్వాత నీతో మాట్లాడటం మానేస్తుంది."

ఆ మాట ఆమె దగ్గర చదువుకున్న ప్రతి పిల్లకీ నోటికొచ్చు. ఒక్క పిల్ల విషయంలోనే ఆమె దాన్ని మింగేసింది.

ఆ పిల్ల అక్క కూతురు. అందరూ పిచ్చుక అనేవాళ్ళు. మనిషే చిన్నదనుకుంటే, చేతులు మరీ చిన్నవి. కానీ వేళ్ళల్లో ఏదో ఉంది. విన్నవాళ్ళు చేస్తున్న పని ఆపేసేవాళ్ళు. కింద బేకరీ ఆవిడ కూడా "మీ పిచ్చుక వాయిస్తుంటే చిల్లర లెక్క తప్పిపోతున్నానమ్మా" అనేది. అక్కా బావా ఉండేది దూరాన వేరే ఊళ్ళో. బస్సెక్కితే పొద్దున్న బయల్దేరినవాళ్ళు మధ్యాహ్నం దాటాక గానీ చేరరు. అక్కడ పియానో నేర్పేవాళ్ళు లేరు. అందుకని పిల్లని చెల్లెలి దగ్గర ఉంచింది అక్క. ఉంచుతూ పెద్దగా మాటలేం చెప్పలేదు. బట్టల సంచీ కింద పెట్టి, పిల్ల చెయ్యి తీసి చెల్లెలి చేతిలో పెట్టి, "ఇంక నీ ఇష్టం" అంది. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం అక్కది. ఎక్కువసేపు కూర్చునే తీరిక ఎప్పుడూ ఉండేది కాదు.

సంగీత కళాశాలలో సీటు కావాలంటే పోటీలో నెగ్గాలి. ఆ ఏడు పోటీకి ఇచ్చిన రచన చివరి పేజీ చూసి టీచరమ్మ గుండె జారింది. ఎడమచేతికి వరసగా గుత్తులు. ప్రతి గుత్తీ పది మీటల వెడల్పు.

అనుమతి అడుగుదామని కళాశాలకి వెళ్ళింది. అక్కడ పెద్ద మాస్టారు ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. చిన్నప్పుడు ఆమెని వెనక్కి పంపించినవాడు ఆయనే. పొడుగాటి వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తూ విన్నాడు.

"దొర్లించి వాయిస్తే ఒప్పుకోరా సార్? పిల్ల చెయ్యి చిన్నది."

"రాసినవాడు దొర్లించమని రాశాడా?"

"లేదు..."

"చెయ్యి చాలనివాళ్ళు వాయిద్యం మార్చుకోవాలమ్మా. పాట మార్చకూడదు."

సరిగ్గా అవే మాటలు. ఆ రోజు ఎవరికి చెప్పాడో కూడా ఆయనకి గుర్తులేదు. టీచరమ్మ తలొంచుకుని మెట్లు దిగింది. ఇంటికొచ్చేదాకా దారి పొడుగునా చేతులు కొంగులో దాచుకునే నడిచింది.

మర్నాటి నుంచి సాధన మారిపోయింది. పాఠానికి ముందు పిల్ల చేతిని తన ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు విడదీసేది. పియానో అంచుకి ఆనించి అరచేతిని చదును చేసేది. తన కీళ్ళకి రాసుకునే నొప్పుల మందే పిల్లకీ రాసేది. ఘాటుగా, కళ్ళమ్మట నీళ్ళొచ్చే వాసన. ఆ వాసనకి రొట్టెల వాసన కూడా జంకి మెట్ల దగ్గరే ఆగిపోయేది.

"నొప్పెడుతోంది పిన్నీ."

"కొంచెం ఓర్చుకో తల్లీ. ఈ ఒక్క పాటకే కదా."

పిల్ల ఓర్చుకునేది. అదే టీచరమ్మని తినేసేది. ఏడ్చి గోల చేసినా బావుండు. పిచ్చుక ఏడవదు. పెదవి కొరుక్కుని పిన్ని మొహంలోకి చూస్తుంది... ఇది నా పిన్నేనా అన్నట్టు. అప్పుడు టీచరమ్మ చూపు తిప్పుకుని కిటికీలోంచి ఎదురింటి గోడ చూసేది. ఎంత లాగినా ఎనిమిది ఎనిమిదే. చెయ్యి ఎముకతో చేసింది, పిండితో కాదు. ఆ సంగతి ఆమెకి తెలియక కాదు.

*

ఒకరోజు మధ్యాహ్నం పొద్దు వాలకుండానే చీకటి పడినట్టు మబ్బు పట్టింది. వాన మొదలైంది. కరెంటు పోయింది. కింద బేకరీలో పొయ్యి ఆరిపోయినట్టుంది, ఏ వాసనా లేదు. టీచరమ్మ జల్లు లోపలికి రాకుండా ముందు గది కిటికీ తలుపులు మూసేసి, వంటింట్లోకి వెళ్ళి తడుముకుంటూ అగ్గిపెట్టె వెతుకుతోంది. ముందు గదిలో పిచ్చుక చీకట్లోనే వాయిస్తోంది. చివరి పేజీ.

మొదటి గుత్తి మోగింది.

టీచరమ్మ చెయ్యి డబ్బా మూత మీద ఆగిపోయింది.

పూర్తిగా మోగింది. అడుగున ఉండే మంద్ర స్వరంతో సహా. నేలలోంచి వచ్చినట్టు, అరికాళ్ళకి తెలిసేలా. ఇన్నాళ్ళూ ఆ పాటలో ఊడిన పన్నులా వినపడే ఖాళీ... నిండింది.

రెండో గుత్తి. మూడోది. ఒక్కటీ తప్పలేదు.

ఆమెకి మొదట కలిగింది భయం కాదు. సంతోషం. ఆ తర్వాత ఎంత ఏడ్చినా కడుక్కోలేకపోయింది ఆ సంతోషాన్నే. "అందిందే! అందిందే తల్లీ!" అనుకుంటూ చప్పుడు కాకుండా గుమ్మం దాకా వచ్చి తొంగి చూసింది.

మూసిన తలుపుల సందుల్లోంచి బూడిదరంగు వెలుతురు మీటల మీద చారలుగా పడుతోంది. పిచ్చుక వాయిస్తోంది. ఎడమ చెయ్యి ఎప్పటిలాగే ఎనిమిది మీటల మీద ఉంది. అంతకంటే ఒక్క వెంట్రుక వాసి సాగలేదు.

దాని చిటికెనవేలికి అవతల, ఒక మీట వదిలి, పదో మీట దానంతటదే కిందికి దిగింది.

దిగింది... లేచింది. మళ్ళీ దిగింది.

అప్పుడు గమనించింది టీచరమ్మ. పొడుగాటి బెంచీ మీద పిల్ల మధ్యలో కూర్చోలేదు. కుడి చివరకి జరిగి, ఒక తొడ గాలిలో ఉండేలా కూర్చుంది. పక్కన ఎవరికో చోటిచ్చినట్టు. ఖాళీగా ఉన్న ఎడమవైపు దిండు... నొక్కుకుపోయి ఉంది. గదిలో నొప్పుల మందు వాసన గుప్పుమంటోంది. ఆ పూట ఎవరూ రాసుకోలేదు.

పాట ఆగింది. పిల్ల తల తిప్పకుండా గుసగుసగా అంది.

"నేను కాదు పిన్నీ."



"అడుగు స్వరం నేను వాయించట్లేదు."

"మరెవరు?" అంది టీచరమ్మ.

పిచ్చుక నెమ్మదిగా తలెత్తి గుమ్మంలో ఉన్న పిన్నిని చూసింది. తర్వాత పక్కకి, బెంచీ మీదికి చూసింది. మళ్ళీ పిన్నిని చూసింది. మొహంలో రంగు లేదు.

"నీకు తెలీదా?" అంది.

ఆ క్షణంలో ఆమె చెయ్యాల్సింది ఒకటే. పిల్లని చంకనేసుకుని మెట్లు దిగి, వానలోనే బస్సెక్కి అక్క దగ్గర దింపెయ్యడం. ఎవరికైనా తోచేది అదే. ఆమెకీ తోచింది. కానీ చెవుల్లో ఇంకా ఆ గుత్తి మోగుతోంది. దాని పక్కనే పెద్ద మాస్టారి పొడుగాటి వేళ్ళు బల్ల మీద తాళం వేస్తున్నాయి.

"చీకట్లో కంటికి అలా అనిపిస్తుందమ్మా" అంది టీచరమ్మ, అగ్గిపుల్ల గీస్తూ. "నీ చెయ్యే సాగింది. ఇంకోసారి వాయించు."

*

అలా మొదలైంది. రోజురోజుకీ ఎక్కువైంది.

మొదట్లో పదో మీట ఒక్కటే. తర్వాత ఎడమచేతి స్వరాల్లో సగం. పిల్ల వేలు మీట మీద ఆనకముందే మీట దిగిపోయేది. పిచ్చుక చెయ్యి గాలిలో తేలుతూ, ఇంకొకరి పనికి సాక్ష్యంగా ఉన్నట్టు ఉండేది. వింటే మాత్రం అద్భుతం! వీధిలో పోయేవాళ్ళు ఆగి పైకి చూసేవాళ్ళు. పాఠాలకొచ్చే పిల్లల తల్లులు "మీ చెయ్యి పడితే రాయైనా పాడుతుందండీ" అనేవాళ్ళు. టీచరమ్మ నవ్వేది. నవ్వి లోపలికి వెళ్ళి కొళాయి కింద చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది.

పిల్ల చిక్కిపోయింది. ఎడమచేతి చిటికెనవేలు ఎప్పుడు పట్టుకున్నా మంచుముక్కలా ఉండేది. ఒకరోజు దువ్వెన అందుకోబోయి జారవిడిచింది. ఒకరోజు జడ వేస్తుంటే టీచరమ్మ చూసింది... పిల్ల వేళ్ళ సందుల్లో, లోపలివైపు, నల్లగా కమిలిన గుర్తులు. ఎవరో రెండు పక్కలా వేళ్ళు దూర్చి విడదీసినట్టు.

"ఇవేంటే?"

"రోజూ చెయ్యి పడుతుంది కదా, వేళ్ళు విడదీసి."

"ఎవరు పట్టేది?"

పిల్ల తలెత్తింది. అద్దంలోంచి పిన్నిని చూసింది. అంతే.

"ఇంటికెళ్ళిపోతా పిన్నీ" అంది గొంతు తగ్గించి. ఎవరో వింటారన్నట్టు.

"పోటీ అవనీ. అయిన మర్నాడే పంపించేస్తా. ఒట్టు."

అక్క ఫోన్ చేసినప్పుడు పిల్లని పక్కన నిలబెట్టుకునే మాట్లాడేది టీచరమ్మ. "చక్కగా తింటోందే. చెయ్యి కూడా బాగా సాగింది, తెలుసా. నువ్వు వింటే నమ్మవు." అవతల అక్క మురిసిపోయేది. "నీ రుణం ఎలా తీర్చుకోనే" అనేది. ఆ మాటకి టీచరమ్మ ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకునేది. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక పియానో వైపు వీపు తిప్పుకుని కూర్చునేది. వీపు మీద ఎవరో చూస్తున్నట్టుండేది.

*

పోటీ కళాశాల హాల్లో, పొద్దున్న పూట. కిటికీలకి ముదురు ఎరుపు తెరలు. పాలిష్ చేసిన చెక్క వాసన, జనం అత్తరు వాసన. ముందు వరసలో పెద్ద మాస్టారు, పక్కన ఇద్దరు. పేజీలు తిప్పడానికి టీచరమ్మ వేదిక మీద పిల్లకి ఎడమవైపు నిలబడింది.

పిచ్చుక బెంచీకి కుడి చివర కూర్చుంది. ఎవరూ చూడకుండా టీచరమ్మ బెంచీని లాగి పిల్లని మధ్యకి తేవాలని చూసింది. బెంచీ కదల్లేదు. బరువుగా ఉంది. పిల్లొక్కతే ఉన్నంత బరువు కాదు.

పాట మొదలైంది. మొదటి పేజీ, రెండో పేజీ... హాలంతా నిశ్శబ్దం. ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. టీచరమ్మ పేజీ తిప్పడానికి వంగినప్పుడల్లా నొప్పుల మందు వాసన మొహానికి కొడుతోంది. మీటల కిందినుంచి చల్లటి గాలి.

చివరి పేజీ.

గుత్తులు మొదలయ్యాయి. ఒకటి... రెండు...

పిచ్చుక ఎడమ చెయ్యి మీటల మీద నుంచి తీసేసింది.

తీసి ఒళ్ళో పెట్టుకుంది. "చూడు పిన్నీ, నువ్వే చూడు" అన్నట్టు. అందరూ చూసేలా. చిన్నపిల్ల... ఇంకెలా చెప్పుకోగలదు?

ఎడమవైపు మీటలు ఆగలేదు. దిగుతున్నాయి, లేస్తున్నాయి. మూడో గుత్తి. నాలుగోది. ఎవరి చెయ్యీ లేకుండా.

ముందు వరసలో పెద్ద మాస్టారు కొంచెం ముందుకి వంగాడు.

అప్పుడు టీచరమ్మ ఒక పని చేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ నెట్టలేదు. ఒక అడుగు ముందుకి వేసి, జనానికీ మీటలకీ మధ్యన తన ఒంటిని అడ్డం పెట్టింది. పేజీ సరిచేస్తున్నట్టు చెయ్యి చాపి, కొంగు పరిచి, కప్పేసింది. పిల్ల మొహం ఎత్తి ఆమెని చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏమీ లేదు. దీపం ఆర్పేసినట్టు.

చివరి గుత్తి దగ్గర... పిల్ల చెయ్యి ఒళ్ళోంచి లేచింది. తనంతట తాను లేవలేదు. ఎవరో మణికట్టు పట్టుకుని లేపినట్టు లేచింది. మీటల మీదికి వెళ్ళింది. వేళ్ళు విచ్చుకున్నాయి. ఇంకా... ఇంకా... బొటనవేలు ఇటు, చిటికెనవేలు అటు. ఎనిమిది. తొమ్మిది.

పుల్ల విరిచినంత చిన్న చప్పుడు.

పది.

గుత్తి మోగింది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు. పెద్ద మాస్టారు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. పిచ్చుక నోరు తెరుచుకుని ఉంది గానీ చప్పుడు రావట్లేదు. టీచరమ్మ వంగి పిల్లని పొదివి పట్టుకుంది.

"నీకు కనపడింది కదా" పిల్ల ఊపిరితో అంది. "చెప్పు పిన్నీ. కనపడిందని చెప్పు."

పెద్ద మాస్టారు వేదిక మెట్లెక్కి వస్తున్నాడు, నవ్వుతూ, రెండు చేతులూ చాపి.

"ఏం కనపడటమమ్మా?" అంది టీచరమ్మ.

*

ఎముకల డాక్టరు పిల్ల చేతిని దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు. చిటికెనవేలి మొదట్లో కండ చిరిగింది. లోపల నరం తెగింది. అతుకుతుంది గానీ మునుపటిలా ఉండదన్నాడు. సబ్బు రుద్దుకోవచ్చు, పెన్ను పట్టుకోవచ్చు. పియానో మాత్రం మర్చిపొమ్మన్నాడు.

"ఎవరి చేతిని వాళ్ళు చాపుకుంటే ఇలా చిరగదు" అన్నాడు తలెత్తకుండా. "నొప్పికి చెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. ఎవరైనా పట్టుకుని లాగితే తప్ప ఇంత దూరం రాదు. ఎవరు లాగారు?"

అక్క రాత్రి డ్యూటీ దిగి, తిన్నగా మొదటి బస్సెక్కి వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు. పిల్ల వేళ్ళ సందుల్లో కమిలిన గుర్తులు ఒక్కొక్కటే చూసింది. నర్సు కళ్ళు, వాటికి మళ్ళీ ఎవరూ వివరించక్కర్లేదు. చెల్లెలి వైపు తిరిగింది. తిడుతుందనుకుంది టీచరమ్మ. చెంప మీద కొట్టినా బావుండు.  అక్క పిల్ల బట్టల సంచీ సర్దుకుంది.

వెళ్ళేముందు, ఆసుపత్రి వరండా బల్ల మీద కట్టుతో కూర్చున్న పిచ్చుక దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది టీచరమ్మ. ఏదో చెప్పాలని. 

పిల్లే చెప్పింది, నెమ్మదిగా, ఏ నిష్ఠూరమూ లేకుండా.

"నువ్వు మొహం తిప్పుకున్నప్పుడల్లా అది ఇంకొంచెం దగ్గరికి జరిగేది పిన్నీ."

*

పియానో మూసేసింది టీచరమ్మ. మీద దుప్పటి కప్పింది. పాఠాలు మానేసింది. ఏ పూట ఏ మీట దిగుతుందోనని చెవులు రిక్కించుకుని కూర్చునేది. ఏమీ మోగలేదు. దుప్పటి తీసి, మూత ఎత్తి, పదో మీట వైపు కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది కొన్నిరోజులు. దిగలేదు. బెంచీ ఒక వేలితో తోస్తే జరిగింది. గదిలో రొట్టెల వాసన తప్ప ఏ వాసనా లేదు.

పీడ విరగడైందనుకోవాలి. కానీ ఆమెకి కుదుట పడలేదు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళినట్టుంది ఇల్లు. వెళ్ళినవాళ్ళు ఎక్కడికో ఒకచోటికి వెళ్ళే ఉంటారు కదా.

అన్నం సయించేది కాదు. పిల్ల అడిగిన మాట ఒక్కటే చెవిలో రొద. కనపడిందని చెప్పు. ఒక్క మాట. ఔననడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క మాట అని ఉంటే ఆ పిల్ల తనకేం పిచ్చి పట్టలేదని, తన కళ్ళు అబద్ధం చెప్పలేదని తెలుసుకుని ఉండేది. చెయ్యి పోయింది సరే. ఆ మాట కూడా లేకుండా చేసింది తను.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. టీచరమ్మ ఇల్లు కదల్లేదు. మధ్యాహ్నం భోంచెయ్యకుండానే ఫోన్ తీసి అక్కావాళ్ళింటికి చేసింది. అక్క తిట్టినా సరే, ఫోన్ పెట్టేసినా సరే. పిల్లతో చెప్పాలి. నాకు కనపడింది తల్లీ, మొదటిరోజే కనపడింది, అని.

చాలాసేపు మోగాక ఎత్తారు. బావ తల్లి. ముసలావిడ. చూపు కొంచెం మందం గానీ చెవులు పాము చెవులు.

"అత్తయ్యగారూ, నేనండీ."

"ఆఁ, చెప్పమ్మా" అందావిడ. తర్వాత విసుగు, నవ్వు కలిసిన గొంతుతో, "ఇదేం చోద్యమే! లోపల గదిలో ఉండి ఫోన్ చెయ్యడమేంటి? పిలిస్తే రానా?"

టీచరమ్మకి అర్థం కాలేదు. "ఏ గదిలో అత్తయ్యగారూ? నేను మా ఇంట్లోంచి మాట్లాడుతున్నాను."

"బావుంది సంబడం. ఇందాక తడిసి ముద్దై వచ్చి, పిల్ల చెయ్యి పడతానని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటివి. రోజూ వచ్చేదానివి, ఒక్కరోజైనా గొడుగు తెచ్చుకోవు."

రోజూ.

టీచరమ్మ ఫోన్ చెవికి అదిమింది. "అత్తయ్యగారూ... అది నేను కాదు. తలుపు తియ్యండి. పిల్లని బయటికి తీసుకురండి. అక్కేదీ?"

"మీ అక్క డ్యూటీలో ఉండదూ ఈవేళప్పుడు? నువ్వొస్తున్నావని దానికి చెప్పొద్దని నువ్వే కదా బతిమాలావు... ఉండు, గడియ పెట్టుకున్నావల్లే ఉంది... రావట్లేదు." తలుపు కొడుతున్న చప్పుడు, నింపాదిగా. "అమ్మాయ్! కాసిని పాలు వేడి చేసి తెస్తాను, ఇద్దరూ తాగుదురు గానీ."

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరమైపోతున్న అడుగులు.

"అత్తయ్యగారూ! అత్తయ్యా!"

ఎవరూ లేరు. ముసలావిడ ఫోన్ కట్ చెయ్యలేదు. ఆ ఇంట్లో గడియారం చప్పుడు వినపడుతోంది. ఆ ఊళ్ళో కూడా వాన పడుతోంది. దాని వెనక, తలుపు అవతలి నుంచి... సన్నగా... పిచ్చుక గొంతు.

"చాలు పిన్నీ..."

మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని,

"చాలు..."

టీచరమ్మ ఫోన్ పట్టుకునే గుమ్మంలోకి పరిగెత్తింది. బస్సుకైతే పొద్దుపోతుంది, ఎవరి కారైనా, ఏ బండైనా, ఎలాగోలా. తలుపు బార్లా తీసింది. చెప్పుల కోసం కాళ్ళతో తడిమింది.

చెప్పులు అక్కడ లేవు.

అవి ఉండాల్సిన చోట, పొడిగా ఉన్న మెట్ల మొదట్లో, రెండు తడి చెప్పుల గుర్తులున్నాయి. ఆమె వాటి పక్కన తన పాదం పెట్టి చూసింది, కొలత సరిగ్గా ఒకటే. అవి కిందికి దిగి వెళ్తున్నాయి. మెట్టు మెట్టుకీ... ఇంకా ఆరకుండా... వీధి దాకా.